చిన్నపిల్లలకు మత్తు - శ్వాసమార్గ రక్షణ

పాఠం 17

17.1 పరిచయం

శ్వాసవ్యవస్థ గురించి మీరు ఇంతకుముందు పాఠంలో చదివారు. ముక్కు నుంచి లోపలికి వెళ్ళిన గాలి గొంతు, స్వరపేటిక, వాయునాళం గుండా ఊపిరితిత్తులకు చేరుతుందని తెలుసుకున్నారు. ఈ దారినే శ్వాసమార్గం అంటాం. మెలకువగా ఉన్నప్పుడు దీనిని కాపాడుకునే పని మన శరీరమే చేసుకుంటుంది. అన్నం మెతుకు దారి తప్పితే పొలమారుతుంది. వెంటనే దగ్గు వచ్చి ఆ మెతుకును బయటికి నెట్టివేస్తుంది.

గ్రహణం మొర్రి, హెర్నియా, టాన్సిల్స్ వంటి ఆపరేషన్లకు పిల్లలను పూర్తిగా నిద్రపుచ్చే మత్తు ఇస్తారు. దీనినే జనరల్ అనస్థీషియా అంటారు. ఈ మత్తులో నొప్పితోపాటు దగ్గు, గుటక వంటి రక్షణలు కూడా పోతాయి. అప్పుడు పిల్లవాడి శ్వాసను ఎవరు కాపాడాలి? మత్తు డాక్టరు కాపాడాలి. అయితే అందులో కొంత భాగం తల్లిదండ్రుల చేతిలో కూడా ఉంది. ఆ భాగం ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- పెద్దల శ్వాసమార్గానికీ చిన్నపిల్లల శ్వాసమార్గానికీ ఉన్న తేడాలు చెప్పగలుగుతారు.
- మత్తులో శ్వాసకు ఎదురయ్యే మూడు ముఖ్యమైన ప్రమాదాలను వివరించగలుగుతారు.
- ఆ ప్రమాదాలను డాక్టర్లు ఏ క్రమంలో ఎదుర్కొంటారో గుర్తించగలుగుతారు.
- ఆపరేషన్‌కు ముందు ఆహార నియమాన్ని సరిగా పాటించగలుగుతారు.
- డాక్టరుకు తప్పక చెప్పవలసిన విషయాల జాబితా తయారు చేయగలుగుతారు.

గమనిక: ఈ పాఠం వైద్యం చేయడం నేర్పదు. మత్తు ఇవ్వడం, ట్యూబు వేయడం శిక్షణ పొందినవారి పని. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడమే మన పని.

17.3 పిల్లలు చిన్న సైజు పెద్దలు కారు

పిల్లవాడి శ్వాసమార్గం పెద్దవాళ్ళ శ్వాసమార్గానికి చిన్న నమూనా మాత్రమే అనుకుంటే పొరపాటు. కొన్ని తేడాలు గమనించండి.

(అ) పసిపిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది. వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి గాలిదారి ముడుచుకుంటుంది. అందుకే భుజాల కింద చిన్న గుడ్డ మడత పెడతారు.

(ఆ) నోటితో పోలిస్తే నాలుక పెద్దది. మత్తులో కండరాలు సడలినప్పుడు అది సులభంగా వెనక్కి వాలి దారిని మూసివేస్తుంది.

(ఇ) స్వరపేటిక మెడలో కొంచెం పైన ఉంటుంది. దాని మూతలా ఉండే ఉపజిహ్విక పొడవుగా, మెత్తగా ఉంటుంది. అందువల్ల ట్యూబు వేసేటప్పుడు దారి కనిపించడం కష్టమవుతుంది.

(ఈ) వాయునాళం చాలా సన్నం. అప్పుడే పుట్టిన బిడ్డలో దాని లోపలి వెడల్పు సుమారు 4 మి.మీ. మాత్రమే.

ఈ చివరి తేడా ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. జలుబు వల్లగానీ ట్యూబు రాపిడి వల్లగానీ వాయునాళం లోపలి పొర చుట్టూ 1 మి.మీ. వాచిందనుకోండి. పసిబిడ్డలో 4 మి.మీ. దారి 2 మి.మీ. అవుతుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. గాలి సాఫీగా పారే సన్నని గొట్టంలో వెడల్పు సగమైతే ప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. అదే వాపు 16 మి.మీ. వెడల్పు ఉన్న పెద్దవారి వాయునాళంలో వస్తే 14 మి.మీ. దారి మిగులుతుంది. వైశాల్యంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలుస్తుంది. అడ్డు రెండు రెట్లు కూడా పెరగదు. పెద్దవాడికి గొంతు గరగరగా మిగిలే వాపు పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

(ఉ) పిల్లల శరీరం ఆక్సిజన్‌ను వేగంగా ఖర్చు చేస్తుంది. ఒక్కొక్క కిలో బరువుకు నిమిషానికి పెద్దవారు వాడేదానికి పసిబిడ్డ సుమారు రెట్టింపు వాడుతుంది. ఊపిరితిత్తుల్లో నిలవ ఉండే గాలి మాత్రం తక్కువ. పెద్ద కుటుంబం, చిన్న గాదె అన్నమాట.

దీని ఫలితం ఏమిటి? ముందుగా బాగా ఆక్సిజన్ పీల్పించిన తరవాత శ్వాస ఆగిపోతే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి రక్తంలో ఆక్సిజన్ పడిపోవడానికి సుమారు 7, 8 నిమిషాలు పట్టవచ్చు. కొద్ది నెలల బిడ్డలో అది సుమారు ఒకటిన్నర నిమిషంలోనే మొదలవుతుంది. ఆక్సిజన్ తగ్గితే పసిపిల్లల గుండె వేగం కూడా త్వరగా పడిపోతుంది. ఈ ఒకటిన్నర నిమిషాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ పాఠమంతా దాని మీదనే ఆధారపడి ఉంది. అంత కొద్ది వ్యవధిలో వస్తువులు వెతుక్కోవడానికి గానీ, దాచిన విషయాలు ఆరా తీయడానికి గానీ సమయం దొరకదు. కాబట్టి రక్షణలో ఎక్కువ భాగం మత్తు ఇవ్వకముందే జరిగిపోవాలి.

పాఠగత ప్రశ్నలు 17.1

1. పసిబిడ్డను పడుకోబెట్టినప్పుడు భుజాల కింద గుడ్డ మడత ఎందుకు పెడతారు?
2. ఒక బిడ్డ వాయునాళం వెడల్పు 6 మి.మీ. చుట్టూ 1 మి.మీ. వాపు వస్తే ఎంత వెడల్పు మిగులుతుంది? వైశాల్యం సగానికి పైగా ఉంటుందా, సగానికి లోపు ఉంటుందా?

17.4 చరిత్ర చెప్పే సంగతి

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తును అందరి ఎదుట చూపించాడు. మరుసటి సంవత్సరం స్కాట్లండ్‌లో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్‌ను వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర వింలటన్ అనే ఊరిలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి క్లోరోఫామ్ మత్తులో చనిపోయింది. ఆమెకు చేయవలసింది కాలి బొటనవేలి గోరు తీసే చిన్న ఆపరేషన్ మాత్రమే. ఆమెను తేర్చడానికి నోట్లో నీళ్ళు, బ్రాందీ పోశారు. మత్తుమందు ఎక్కువై చనిపోయిందని కొందరు, పోసిన ద్రవం ఊపిరాడకుండా చేసిందని సింప్సన్ వాదించారు. ఆ వాదం ఎటూ తేలలేదు. కానీ రెండు విషయాలు మాత్రం స్పష్టమయ్యాయి. ఆపరేషన్ చిన్నదైనంత మాత్రాన మత్తు చిన్నది కాదు. మత్తులో ఉన్నవారి నోట్లో ఏదీ పోయకూడదు.

ఈ చర్చలో మన హైదరాబాదుకు కూడా చోటుంది. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాం ప్రభుత్వ సాయంతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. అవి జంతువుల మీద పరీక్షలు చేశాయి. క్లోరోఫామ్‌తో ముందు ఆగేది శ్వాస, ఆ తరవాతే గుండె అని తేల్చాయి. నాడి పట్టుకుని కూర్చోవడం కాదు, శ్వాసను కనిపెట్టి ఉండండి అన్నది లారీ బోధన. ఆ నగరంలోనే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో పేరు పొందారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఆమెను లెక్కిస్తారు. క్లోరోఫామ్ గుండెను సూటిగా కూడా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. అంటే కమిషన్ల నిర్ణయం పూర్తిగా సరైనది కాదు. అయినా శ్వాసను క్షణం కూడా వదలకుండా గమనించాలన్న మాట నేటికీ నిలిచింది.

హానా చనిపోయిన ప్రాంతంలోనే, న్యూకాజిల్‌లో, 1937లో ఫిలిప్ ఎయిర్ అనే మత్తు డాక్టరు గ్రహణం మొర్రి పసిబిడ్డల కోసం ఒక చిన్న గొట్టం రూపొందించాడు. ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారంలో ఉన్న ఆ గొట్టంలో కవాటాలు లేవు. కవాటాన్ని తెరవడానికి పెట్టే బలం కూడా పసిబిడ్డకు భారమే కదా! 1950లో జాక్సన్ రీస్ దానికి ఒక సంచి తగిలించాడు. ఆ అమరిక ఇప్పటికీ చాలా ఆసుపత్రులలో కనిపిస్తుంది.

17.5 మత్తులో మూడు ప్రమాదాలు

17.5.1 దారి మూసుకుపోవడం

నాలుక వెనక్కి వాలడం వల్ల ఇది జరుగుతుంది. గురక వంటి శబ్దం వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే శబ్దం కూడా ఉండదు. ఛాతీ, పొట్ట ఎగిరెగిరి పడుతుంటాయి, గాలి మాత్రం కదలదు. శబ్దం ఆగిందని నిశ్చింతగా ఉండకూడదు. డాక్టరు గడ్డం పైకెత్తి, దవడను వెనుకనుంచి ముందుకు నెట్టి దారి తెరుస్తాడు. అవసరమైతే నోట్లో చిన్న గొట్టం పెడతాడు.

17.5.2 స్వరతంత్రులు బిగుసుకోవడం

స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు గాలిదారికి తలుపుల వంటివి. మత్తు తేలికగా ఉన్న సమయంలో, అంటే మత్తు ఎక్కేటప్పుడు లేదా తేరుకునేటప్పుడు, ఒక్క చుక్క ఉమ్మిగానీ రక్తంగానీ తగిలితే ఈ తలుపులు గట్టిగా మూసుకుపోవచ్చు. దీనిని లారింగోస్పాజం అంటారు. పెద్దవారికంటే పిల్లల్లో ఇది ఎక్కువ. జలుబు తగ్గిన కొత్తలో మరీ ఎక్కువ. దీనిని ఎదుర్కొనే క్రమం ఇది:

మొదట సాయానికి మరొకరిని పిలుస్తారు. ఆపరేషన్ చేసే డాక్టరు చేయి ఆపుతాడు. గొంతులోని ఉమ్మిని, రక్తాన్ని పీల్చి తీసివేస్తారు. మాస్కును ముఖానికి గట్టిగా అదిమి, దవడ ముందుకు నెట్టి, నూరు శాతం ఆక్సిజన్‌ను సంచితో మెల్లని ఒత్తిడితో పంపుతారు. చాలాసార్లు ఇంతటితోనే తలుపులు తెరుచుకుంటాయి. లేకపోతే సిరలోకి మందు ఇచ్చి మత్తు పెంచుతారు. అప్పటికీ వీడకపోతే కండరాలను సడలించే మందు ఇచ్చి, అవసరమైతే ట్యూబు వేస్తారు. ఆ మందులు అప్పుడు వెతికితే లాభం లేదు. బిడ్డ బరువుకు తగిన మోతాదు ముందే లెక్కకట్టి సిద్ధంగా ఉంచుతారు. ఆపరేషన్‌కు ముందు బిడ్డను తూకం వేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

17.5.3 మత్తులో పొలమారడం

పొట్టలో ఆహారం ఉంటే మత్తులో అది పైకి ఎగదన్ని గొంతులోకి వస్తుంది. దగ్గు రాదు కాబట్టి నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆహారపు ముక్కలు దారిని మూస్తాయి. జీర్ణాశయంలోని ఆమ్లం ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇలా జరిగితే వెంటనే పిల్లవాడిని పక్కకు తిప్పి, తల దించి, గొంతు శుభ్రం చేసి, ఆక్సిజన్ ఇస్తారు. కానీ జరిగాక చేసే చికిత్సకంటే జరగకుండా చూడడమే మేలు. అది ఇంటివారి చేతిలోనే ఉంది.

17.5.4 ట్యూబు వేయడం కుదరకపోతే

ఒక్కోసారి ట్యూబు వేయడం కష్టమవుతుంది. అప్పుడు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తే వాపు పెరిగి ఉన్న దారి కూడా పోతుంది. అందువల్ల ప్రయత్నాలకు పరిమితి పెట్టుకుంటారు. ట్యూబు వేయడం లక్ష్యం కాదు, ఆక్సిజన్ అందించడం లక్ష్యం. మాస్కుతో గాలి అందుతుంటే మాస్కుతోనే ఇస్తారు, లేదా లారింజియల్ మాస్కు పెడతారు. ఈ సాధనాన్ని 1981లో ఆర్చీ బ్రెయిన్ రూపొందించాడు. ఇది స్వరపేటిక పైన కూర్చుని గాలి పంపుతుంది. వీలైతే పిల్లవాడిని మెలకువలోకి తెచ్చి, ఆపరేషన్ మరోరోజు పెట్టుకుంటారు. ఏ మార్గమూ లేనప్పుడు మాత్రమే మెడ ముందు భాగంలో దారి చేస్తారు.

17.5.5 కాపలా కాసే పరికరాలు

2020లో కోవిడ్ వచ్చినప్పుడు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరును చాలామంది చూశారు. దాని వెనుక ఉన్న సూత్రాన్ని 1970లలో జపానుకు చెందిన తకువో అయోయాగి కనిపెట్టాడు. అది రక్తంలోని ఆక్సిజన్‌ను చూపుతుంది. అయితే శ్వాస ఆగిన కొంతసేపటికి గానీ అంకె పడిపోదు. వదిలే గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ అంతకంటే ముందే హెచ్చరిస్తుంది. ట్యూబు వాయునాళంలో ఉందా, పొరపాటున అన్నవాహికలోకి వెళ్ళిందా అనే సంగతి కూడా అదే చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రతా జాబితాను విడుదల చేసింది. ఆక్సీమీటరు పనిచేస్తున్నదా, శ్వాసమార్గం కష్టమైనదా, పొలమారే ప్రమాదం ఉందా అనే ప్రశ్నలు అందులో మత్తు ఇవ్వకముందే అడగాలి. ఆ మూడో ప్రశ్నకు సరైన జవాబు మీ దగ్గరే ఉంది.

పాఠగత ప్రశ్నలు 17.2

1. లారింగోస్పాజం ఏ సమయాల్లో ఎక్కువగా వస్తుంది?
2. ఆక్సీమీటరు కంటే కాప్నోగ్రాఫ్ ముందుగా హెచ్చరిస్తుంది. ఎందువల్ల?

17.6 ఇంటివారు చేయవలసినవి

17.6.1 ఆహార నియమం

సాధారణంగా పాటించే వ్యవధులు ఇవి:

- నూనెలో వేయించినవి, మాంసం: 8 గంటల ముందు ఆపాలి.
- ఇడ్లీ, అన్నం, బిస్కెట్టు వంటి తేలిక ఆహారం, ఆవుపాలు, గేదెపాలు, డబ్బాపాలు: 6 గంటల ముందు ఆపాలి.
- తల్లిపాలు: 4 గంటల ముందు ఆపాలి.
- మంచినీళ్ళు, చక్కెర నీళ్ళు వంటి తేట ద్రవాలు: 2 గంటల ముందు ఆపాలి.

పాలు ద్రవమే అయినా పొట్టలో విరిగి గడ్డకడుతుంది. కాబట్టి దానిని ఆహారంగానే లెక్కించాలి. పాలు కలిపిన టీ, గంజి, మజ్జిగ కూడా తేట ద్రవాలు కావు.

మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. భయంతో రాత్రి నుంచి బిడ్డను పూర్తిగా ఎండబెడతారు. అది కూడా మంచిది కాదు. దాహంతో బిడ్డ నీరసిస్తుంది, పసిపిల్లల్లో రక్తంలో చక్కెర తగ్గవచ్చు. 2018లో ఐరోపాలోని పిల్లల మత్తు వైద్యుల సంఘాలు తేట ద్రవాలను 1 గంట ముందు వరకు ఇవ్వవచ్చునని ప్రకటించాయి. మీ ఆసుపత్రిలో ఏ వ్యవధి పాటిస్తారో అడిగి, గంటలతో సహా కాగితం మీద రాయించుకోండి.

17.6.2 ఒక ఉదాహరణ

నాలుగేళ్ళ బాబుకు ఉదయం 9 గంటలకు హెర్నియా ఆపరేషన్ అనుకుందాం. 6 గంటలకు బాబు ఆకలని ఏడిస్తే నాయనమ్మ జాలిపడి అర గ్లాసు గేదెపాలు పట్టింది. తల్లికి సంగతి తెలిసింది. చెబితే డాక్టరు కోప్పడతారేమో, ఆపరేషన్ వాయిదా పడుతుందేమో అని ఆమె భయం. తండ్రి ఆ రోజు కూలి మానుకుని వచ్చాడు. బస్సు ఖర్చులు అయ్యాయి. మరోసారి రావాలంటే మళ్ళీ అప్పు చేయాలి.

ఈ భయం అర్థం లేనిది కాదు. కానీ లెక్క వేసి చూడండి. 6 గంటలకు పాలు తాగాడు కనుక 12 గంటలు దాటాక మత్తు ఇవ్వవచ్చు. నిజం చెబితే ఆ కుటుంబం నష్టపోయేది మూడు గంటలు, మహా అయితే ఒక రోజు. చెప్పకపోతే డాక్టరు పొట్ట ఖాళీగా ఉందన్న నమ్మకంతో మత్తు మొదలుపెడతాడు. ఇంతకుముందు మనం లెక్కించుకున్న కొద్ది నిమిషాల్లోనే బాబు ప్రమాదంలో పడవచ్చు. పాలు పట్టడం కంటే దాచడమే ఎక్కువ ప్రమాదం. నాయనమ్మను దోషిగా నిలబెట్టనవసరం లేదు. "ఆరింటికి అర గ్లాసు పాలు తాగాడండీ" అని ఒక్క మాట చెబితే చాలు.

17.6.3 డాక్టరుకు చెప్పవలసినవి

- ఇప్పుడుగానీ గత రెండు వారాల్లోగానీ జలుబు, దగ్గు, జ్వరం వచ్చాయా?
- ఆయాసం, పిల్లికూతలు, అలర్జీ ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా?
- నిద్రలో గురక పెడతాడా? మధ్యలో శ్వాస ఆగినట్లు ఉంటుందా?
- ఊగుతున్న పాలపళ్ళు ఉన్నాయా? ఊడి గాలిదారిలో పడే అవకాశం ఉంటుంది.
- నెలలు నిండకుండా పుట్టాడా?
- బిడ్డకుగానీ రక్తసంబంధీకులకుగానీ మత్తు వల్ల ఇబ్బంది వచ్చిందా?
- ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్, చుట్ట తాగుతారా?

చివరి ప్రశ్నకు ఆపరేషన్‌తో సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 9,297 మంది పిల్లలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాలలోపు జలుబు, పిల్లికూతలు, కుటుంబంలో ఉబ్బసం, ఇంట్లో పొగ ఉన్న పిల్లలకు మత్తులో శ్వాస ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయని తేలింది. జలుబు ఉందని డాక్టరు ఆపరేషన్ వాయిదా వేస్తే అది నిర్లక్ష్యం కాదు, జాగ్రత్త. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసర ఆపరేషన్ మాత్రం వాయిదా వేయరు. అప్పుడు ఆ ప్రమాదాలకు తగిన ఏర్పాట్లతో మత్తు ఇస్తారు.

వేలి గోళ్ళకు రంగు ఉంటే ముందురోజే తుడిచివేయండి. అది ఆక్సీమీటరు పనికి అడ్డు రావచ్చు.

17.6.4 ఆపరేషన్ తరవాత

పూర్తిగా తేరుకునే వరకు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెడతారు. నర్సు చెప్పేవరకు నీళ్ళు కూడా పట్టకండి. కింది లక్షణాల్లో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి: డొక్కలు ఎగరవేయడం, ముక్కుపుటాలు అదరడం, శ్వాస తీసేటప్పుడు కీచుమనే శబ్దం, నాలుక లేదా పెదవుల లోపలి భాగం నీలంగా మారడం, లేపినా లేవకపోవడం. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన బిడ్డ నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లోపల రక్తం కారుతున్నదేమోనని అనుమానించాలి. ఇంటికి వచ్చాక ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

17.7 సారాంశం

పిల్లల గాలిదారి సన్నం, ఆక్సిజన్ నిలవ తక్కువ, ఖర్చు ఎక్కువ. మత్తులో దారి మూసుకుపోవడం, స్వరతంత్రులు బిగుసుకోవడం, పొలమారడం ముఖ్య ప్రమాదాలు. వీటిని ఎదుర్కొనే సమయం నిమిషాల్లోనే ఉంటుంది. కనుక డాక్టరు పరికరాలతోనూ మందులతోనూ ముందే సిద్ధపడతాడు. తల్లిదండ్రులు ఆహార నియమం పాటించి, జరిగినది జరిగినట్లు చెప్పి ఆ సిద్ధపాటులో భాగం పంచుకుంటారు.

17.8 పాఠ్యాంత ప్రశ్నలు

1. పిల్లల శ్వాసమార్గం పెద్దల శ్వాసమార్గానికి చిన్న నమూనా కాదని మూడు కారణాలతో వివరించండి.
2. లారింగోస్పాజం వచ్చినప్పుడు చేసే పనులను వరుసక్రమంలో రాయండి.
3. రెండేళ్ళ పాపకు మధ్యాహ్నం 2 గంటలకు ఆపరేషన్. ఇడ్లీ, తల్లిపాలు, మంచినీళ్ళు ఏయే గంటల్లోపు ఇవ్వవచ్చో పట్టిక తయారు చేయండి.
4. మీ ఇరుగుపొరుగున ఒక బిడ్డకు ఆపరేషన్ ఉంది. బిడ్డకు జలుబు చేసినా ఇంటివారు చెప్పదలచుకోలేదు. వారికి మీరు ఏమి చెబుతారు? పది వాక్యాల్లో రాయండి.

17.9 పాఠగత ప్రశ్నలకు జవాబులు

17.1: 1. తల పెద్దది కావడం వల్ల మెడ ముందుకు వంగి గాలిదారి ముడుచుకోకుండా ఉండటానికి. 2. 4 మి.మీ. మిగులుతుంది. వైశాల్యం తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే సగానికి లోపు.

17.2: 1. మత్తు ఎక్కేటప్పుడు, తేరుకునేటప్పుడు. 2. శ్వాస ఆగగానే వదిలే గాలి ఉండదు కాబట్టి కాప్నోగ్రాఫ్ వెంటనే చూపుతుంది. రక్తంలోని ఆక్సిజన్ తగ్గడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఆక్సీమీటరు ఆలస్యంగా చూపుతుంది.